విదేశీభాషలకు క్రెడిట్ల తూనిక: అపోహలు – వాస్తవాలు

మంగళగిరి కేంద్రముగా ఒక ఇరువది కిలోమీటర్ల వృత్తము గీచి చూచినచో, 1976లో నంబూరు చెంత వెలసిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయము మొదలు, వడ్డేశ్వరమునందలి కె.ఎల్. విశ్వవిద్యాలయము, 2017లో నీరుకొండయందును ఐనవోలునందును ఆరంభమైన ఎస్.ఆర్.ఎం., వి.ఐ.టి. విశ్వవిద్యాలయముల వరకు, ఒక రాష్ట్రమునకు చాలినన్ని విద్యాలయములు ఆ కొద్దిపాటి నేలలోనే ఇమిడియున్నవి. ఇట్టి చోట్ల ఇంజనీరింగు చదువుకొను పిల్లలు ఫ్రెంచి, జర్మను, జపనీసు, స్పానిషు వంటి భాషలలో నొకదానిని రెండు మూడు క్రెడిట్ల పాఠ్యముగా ఎన్నుకొనుట నేడు వింత కాదు. ఎన్నుకొనుట సుళువు, ముగించుటయు అంత దుష్కరము కాదు. ముగిసిన పిమ్మట ఆ భాష నీకెంత వచ్చెనని ఎవరైన అడిగినపుడే చిక్కు ఆరంభమగును. విద్యార్థి తన క్రెడిట్లను చూపును. తల్లిదండ్రులు గ్రేడును చూపుదురు. విజయవాడలోని విదేశీవిద్యా సలహాదారు ఆ రెంటిని ప్రక్కకు నెట్టి, స్థాయి సర్టిఫికెట్టు ఏదని అడుగును. ముగ్గురును ఒకే వస్తువును గూర్చి మాటలాడుచున్నామని తలంతురు గాని, నిజమునకు వారి చేతులలో నున్నవి మూడు వేర్వేరు కొలతలు: క్రెడిటు శ్రమకు కొలత, గ్రేడు పాఠ్యప్రణాళికకు కొలత, స్థాయి సామర్థ్యమునకు కొలత. ఈ మూటిని కలగాపులగము చేయుటవలననే ఈ విషయమున అపోహలన్నియు పుట్టుచున్నవి.

అపోహ: “క్రెడిట్లు వచ్చినవి గనుక భాష వచ్చినట్లే.”

క్రెడిటు పుట్టుకను మరచినవారికే ఈ భ్రమ కలుగును. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో, ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన ధనముతో అమెరికా కళాశాలల ఆచార్యులకు పింఛనులు పంచుటకై ఏర్పడిన కార్నెగీ ఫౌండేషను, ఏ సంస్థను కళాశాలగా పరిగణింపవలెనో, దేనిని పరిగణింపరాదో తేల్చుకొనవలసివచ్చి, విద్యార్థి హైస్కూలులో ఒక్కొక్క విషయమును ఎన్ని గంటలు చదివి వచ్చెనో లెక్కించు ప్రమాణము నొకదానిని 1906 ప్రాంతమున వాడుకలోనికి తెచ్చెను. ఏడాదిలో ఒక విషయమునకు 120 గంటల తరగతి జరిగినచో అది ఒక యూనిట్టు. పింఛనుల చిట్టాతో ముడిపడి పెరిగిన ఈ గంటల లెక్కయే నేటి క్రెడిటునకు మూలపురుషుడు. విద్యార్థి కేమి తెలిసెనను ప్రశ్నను అది ఆనాడును అడుగలేదు, ఈనాడును అడుగుట లేదు.

మన దేశమున విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2015లో ప్రచారమునకు తెచ్చిన ఐచ్ఛికాధార క్రెడిట్ పద్ధతి ప్రకారము, వారమునకు ఒక గంట బోధన గాని రెండు గంటల ప్రయోగాభ్యాసము గాని ఒక సెమిస్టరు పొడవునను సాగినచో ఒక క్రెడిటు లభించును. సెమిస్టరును పదునైదు వారములుగా లెక్కించినచో, రెండు క్రెడిట్ల జర్మను పాఠ్యమనగా ముప్పది గంటల తరగతి. ఇక జర్మను భాషాబోధనకు ప్రామాణిక సంస్థయైన గోథే ఇన్‌స్టిట్యూటు, అన్నిటికంటె క్రింది మెట్టైన ఎ1 పరీక్షకు కూర్చుండువారు అప్పటికి నలుబదియైదు నిమిషముల పాఠములను 80 మొదలు 200 వరకు విని యుండవలెనని చెప్పుచున్నది. మన ముప్పది గంటలు వారి లెక్కలో నలుబది పాఠములు మాత్రమే. అనగా మొదటి మెట్టునకు వలసిన కనిష్ఠశ్రమలో సరిగా సగము. మూడవ మెట్టైన బి1కు ఆ సంస్థయే 350 మొదలు 650 పాఠములు వలయునని సూచించుచుండగా, రెండు క్రెడిట్లు సంపాదించినవాడు తనకు జర్మను వచ్చునని ఉద్యోగ దరఖాస్తులో వ్రాసికొనుట సాహసమే యగును.

2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రము ఒక క్రెడిటునకు ముప్పది గంటల అధ్యయనమని నిర్ణయించి, తరగతి గంటలతోపాటు ఇంటివద్ద చదువుకొను గంటలను కూడ అందు చేర్చినది. ఆ లెక్కను రెండు క్రెడిట్లు అరువది గంటలగును. నిర్ణయము మంచిదే. కాని ఇంటి గంటలను ఎవరు చూచిరి? హాజరుపట్టికకు అందనిది, విద్యార్థి మనస్సాక్షికి మాత్రమే తెలిసినది ఆ సగము.

మంగళగిరివారికి ఈ సంగతిని మగ్గముతో చెప్పిన సులువుగా బోధపడును. గుంటమగ్గములో ఎన్ని గంటలు కూర్చుంటివని అడుగుట ఒకటి, నేసిన బట్టలో నేత ఎట్లున్నదని అంచు పట్టి చూచుట వేరొకటి. మొదటిది కూలి లెక్కకు పనికివచ్చును గాని, చీర కొనవచ్చిన ఇల్లాలు దానిని అడుగదు.

అపోహ: “‘ఓ’ గ్రేడు వచ్చినవానికి భాష చక్కగా వచ్చును.”

గ్రేడు అబద్ధమాడదు, అయితే తన్నడిగిన ప్రశ్నకు మాత్రమే అది సమాధానము చెప్పును. నిధుల సంఘపు పదిపాయింట్ల పట్టికలో ‘ఓ’ అనగా పది, ‘పి’ అనగా నాలుగు. ఆ పది పాయింట్లు ఈ సెమిస్టరులో చెప్పిన పాఠములలో ఈ విద్యార్థి ఎంత గ్రహించెనో తెలుపును. చెప్పిన పాఠములు అంకెలు, వారముల పేర్లు, తన్ను తాను పరిచయము చేసికొనుట, వర్తమానకాల క్రియలు మాత్రమే అయినచో, వానిని నిర్దోషముగా ఒప్పగించినవానికి పదికి పది ఇచ్చుట న్యాయమే. ఆ పదికి, పారిసు నగరమున ఇల్లు అద్దెకు మాటలాడుకొను నేర్పునకు ఏ సంబంధమును లేదు.

ఈ భ్రమ మన తెలుగునాట కొత్తదియు కాదు. ఇంటర్మీడియటులో ద్వితీయభాషగా సంస్కృతమును మార్కుల కొరకే ఎన్నుకొని, నూటికి తొంబదికి పైగా తెచ్చుకొని, మరుసటి ఏడాది ఒక సులభశ్లోకమునకైన అన్వయము చెప్పలేని విద్యార్థులు ఏ వీథిలో లేరు? జవాబులలో నధికభాగమును తెలుగు లిపిలోనో ఆంగ్లమునందో వ్రాయనిచ్చిన పరీక్ష, భాషను పరీక్షింపదు. పరీక్ష వ్రాయు నేర్పును పరీక్షించును. అమరవాణికి పట్టిన ఈ గతియే రేపు ఫ్రెంచి, జపనీసు భాషలకును పట్టునేమోయని ఈ వ్యాసకర్త భయము.

భాషాసామర్థ్యమును పాఠ్యపుస్తకముతో నిమిత్తము లేకుండ కొలుచుటకై ఐరోపా మండలి 2001లో ప్రకటించిన ఉమ్మడి చట్రములో ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అను ఆరు మెట్లున్నవి. ప్రతి మెట్టును ‘ఈతడేమి చేయగలడు’ అను మాటతోనే నిర్వచింతురు: నెమ్మదిగా, స్పష్టముగా మాటలాడినచో అర్థము చేసికొనగలడా, తనకు పరిచితమైన విషయముపై నాలుగు వాక్యములు వ్రాయగలడా, వాదములో తన పక్షమును సమర్థించుకొనగలడా. గమనింపదగిన విశేష మేమనగా, క్రెడిట్ల మార్పిడికి 1989లో ఎరాస్మస్ పథకముతో వేరుగా ఒక పద్ధతిని నెలకొల్పి, ఏడాదికి అరువది క్రెడిట్లని స్థిరపరచిన ఆ ఐరోపాయే, భాషాస్థాయిని అందు కలిపివేయక, రెంటిని రెండు త్రాసులలోనే ఉంచుకొన్నది. మనము ఒక త్రాసును దిగుమతి చేసికొని రెండవ దానిని మరచితిమి.

దీనికి తోడుగా ఇంకొక చిన్న వంచన కలదు. పాఠశాలలోనే అయిదారేండ్లు ఫ్రెంచి చదివి వచ్చిన నగరపు విద్యార్థి, ఓనమాల తరగతిలో తనపేరు వ్రాయించుకొని సునాయాసముగా పది పాయింట్లు పట్టుకొనిపోవును. రేపల్లెనుండియో అవనిగడ్డనుండియో వచ్చి, మొదటిసారిగా ఆ భాషను ఎదుర్కొన్న పిల్ల, నెలలు శ్రమించి ఏడు పాయింట్లతో చిన్నబోవును. ప్రవేశమునకు ముందొక స్థాయినిర్ణయ పరీక్ష పెట్టిన చాలును, ఈ అన్యాయము తొలగిపోవును. ఎక్కువ నేర్చినది ఎవరని అడిగిన, ఆ రెండవ పిల్లయే యని నేను చెప్పుదును. గ్రేడుపట్టిక మాత్రము చెప్పలేదు.

అపోహ: “వ్రాతపరీక్ష చాలును, మాటలాడించుట అదనపు అలంకారము.”

ఫ్రెంచి ప్రభుత్వపు డెల్ఫ్ పరీక్షలో వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట అను నాలుగు భాగములకును సమముగా 25 మార్కులు కలవు. నూటికి 50 వచ్చినను, ఏ ఒక్క భాగమున అయిదు మార్కులకు తగ్గినచో ఉత్తీర్ణత లేదు. వ్యాకరణమున ఉద్దండుడై నోరు మెదపనివానికి ఆ పరీక్షయందు చోటు లేదన్నమాట. గోథే సంస్థ పరీక్షలలోను నాలుగు నైపుణ్యములున్నవి. ఉత్తీర్ణతకు నూటికి 60 రావలెను. ఇంతలో ఎవరైన జపనీసు సామర్థ్యపరీక్షను ఎదురుగా నిలుపవచ్చును. 1984లో ఆరంభమై, 2010 నుండి ఎన్5 మొదలు ఎన్1 వరకు అయిదు మెట్లుగా నడచుచున్న ఆ ప్రసిద్ధ పరీక్షలో మాటలాడుట గాని వ్రాయుట గాని లేనేలేదు. ఇచ్చిన జవాబులలో సరియైనదానిని గుర్తించుటయే పని. నిజమే. కాని, లక్షలమందికి ఒకేనాడు పరీక్ష జరుపు సంస్థకు గల నిర్బంధము, అరువదిమంది గల మన తరగతికి లేదు గదా.

ఉన్న నిర్బంధము వేరు. ఒక్కొక్కనితో పది నిమిషములు సంభాషించినను అరువదిమందికి పది గంటలు పట్టును. ముప్పది గంటల పాఠ్యమున పది గంటలు పరీక్షకే పోవునని అధ్యాపకులు వాపోవుదురు. సెమిస్టరు చివర ఒకే దినమున జరుపబూనినప్పుడే ఈ లెక్క భయపెట్టును. నిరంతర మూల్యాంకనమునకు క్రెడిట్ పద్ధతి ఇచ్చిన వెసులుబాటును గ్రహించి, వారమునకు నలుగురిని చొప్పున మాటలాడించుచు పోయినచో పదునైదు వారములలో అరువదిమందియు పూర్తి అగుదురు. పరీక్ష జరిగినట్లు కూడ వారికి తెలియదు. ఈ ఒక్క విషయమున మాత్రము కొత్త పద్ధతి పాత వార్షికపరీక్షకంటె భాషకు మేలు చేయగలదని నిస్సంకోచముగా చెప్పవచ్చును. ఇంటికిచ్చిన వ్యాసమును క్షణములో యంత్రము అనువదించి ఇచ్చుచున్న ఈ కాలమున, ఎదుట కూర్చుండబెట్టి అడుగుటకు మించిన పరిశీలన వేరొకటి లేదు.

మాటలాడించునప్పుడు చూడవలసినదేమి? తప్పులను లెక్కించుట మనవారికి అలవాటైన పని. ఆంగ్లము నేర్పినప్పుడును మనము చేసినది అదియే. ఐరోపా చట్రము సంభాషణను అయిదు పార్శ్వములనుండి చూడుమనుచున్నది: పదసంపద, నిర్దుష్టత, ధారాళత, ఎదుటివానితో మాట కలుపు నేర్పు, పొందిక. నిర్దుష్టత వానిలో ఒకటి మాత్రమే. మొదటి మెట్టున నున్నవాడు లింగవచనములు తప్పుట సహజము. తప్పుచునే రైలు ఏ గంటకు బయలుదేరునో కనుగొనినచో వాడు ఆ మెట్టు ఎక్కినట్లే.

అపోహ: “ఏ భాషయైన రెండు క్రెడిట్లకు సమానమే.”

కాగితముపై సమానమే. అమెరికా విదేశాంగశాఖవారి భాషాశిక్షణ సంస్థ, తన ఉద్యోగులను పనికి తగిన నేర్పునకు తెచ్చుటకు స్పానిషునకు ముప్పది వారములు, జర్మనుకు ముప్పదియారు, జపనీసునకు ఎనుబదియెనిమిది వారములు పట్టునని అంచనా కట్టినది. జపనీసునకు తరగతి గంటలే 2200. మన తెలుగునకు వారు కేటాయించినది నలుబదినాలుగు వారములు. ఈ అంకెలను యథాతథముగా మనకు అన్వయించుకొనుట మాత్రము పొరపాటు, ఏలయనగా అవి ఆంగ్లము మాతృభాషగా గలవారికై లెక్కించినవి. కర్త, కర్మ, చివర క్రియ అను వరుస, నామమునకు వెనుక చేరు ప్రత్యయములు తెలుగువానికి ఉగ్గుపాలతో వచ్చినవి గనుక, జపనీసు వాక్యనిర్మాణము అమెరికావాని నంతగా మనవానిని తికమకపెట్టదు. లిపి వద్ద మాత్రము ఇద్దరును సమానముగ చెమటోడ్చవలసినదే. అందువలన ఒకే రెండు క్రెడిట్లలో స్పానిషు తరగతి ఎంత దూరము పోవునో జపనీసు తరగతియు అంత పోవలెనని శాసించు పాఠ్యప్రణాళిక, లిపి నేర్చుకొనుటకు వలయు వారములను లెక్కలోనికి తీసికొననిదే యగును.

అపోహ: “విదేశీభాష తీసికొనినచో సి.జి.పి.ఎ. పాడైపోవును.”

లెక్క వేసి చూడుడు. ఇంజనీరింగు పట్టమునకు అఖిలభారత సాంకేతిక విద్యామండలి నమూనా ప్రణాళిక ప్రకారము 160 క్రెడిట్లు. రెండు క్రెడిట్ల భాషాపాఠ్యమున పది పాయింట్లకు బదులు కేవలము నాలుగు వచ్చినను, మొత్తము సగటులో తగ్గునది 0.075. దీనికై కన్నీరు పెట్టుకొనుట అనవసరము.

అపోహ: “విశ్వవిద్యాలయపు గ్రేడుపట్టికను చూపిన జర్మనీవారు ఒప్పుకొందురు.”

ఏమి ఒప్పుకొందురన్నదే ప్రశ్న. 2021లో ఏర్పడిన విద్యాసంబంధ క్రెడిట్ బ్యాంకులో ఆ రెండు క్రెడిట్లు భద్రముగా నుండును, ఒక విశ్వవిద్యాలయమునుండి వేరొక విశ్వవిద్యాలయమునకు నియమములకు లోబడి పోగలవు కూడ. భాషాజ్ఞానమునకు సాక్ష్యము కావలసినచోట మాత్రము వారడుగునది సామాన్యముగా గుర్తింపుపొందిన పరీక్షాపత్రమునే. 2022 నవంబరు మొదటి తేదీనుండి జర్మనీకి చదువుకొనబోవు భారతీయ విద్యార్థులకు తప్పనిసరియైన ఎ.పి.ఎస్. పత్రమును కొందరు భాషాపత్రమని భ్రమించుచున్నారు. అది మన మార్కుల జాబితాలు నిజమైనవో కావో పరిశీలించి ఇచ్చునది మాత్రమే. అక్కడ ఆంగ్లమాధ్యమమున నడచు స్నాతకోత్తర తరగతులు పెక్కు కలవు గనుక, వానిలో ప్రవేశమునకు సాధారణముగా జర్మను పత్రము అవసరము కాదు; రొట్టెలదుకాణములోను అద్దెయింటివానితోను మాత్రము అవసరమే. నర్సులుగా పోగోరు మన ఆడబిడ్డల సంగతి వేరు. వృత్తిలో పూర్తి గుర్తింపునకు సామాన్యముగా బి2 స్థాయి కావలెను. ఆ స్థాయికి గోథే లెక్క 600 మొదలు 800 పాఠములు. దీనిని రెండు క్రెడిట్లతో చేరుదుమనుకొనుట ఉండవల్లి గుహలు చూచి అజంతా చూచితిమనుకొనుట వంటిదే.

పత్రముల ఆయుర్దాయము గూర్చియు భ్రాంతులున్నవి. డెల్ఫ్ పట్టమునకు కాలపరిమితి లేదు, ఐ.ఇ.ఎల్.టి.ఎస్., టోఫెల్ మార్కులకు రెండేండ్లే. హైదరాబాదులోని గోథే జెంత్రము గాని ఆలియాన్సు ఫ్రాన్సేజు గాని పోయి పరీక్షరుసుము కట్టుటకు ముందే, పోబోవు సంస్థ ఎంత కాలములోపు వ్రాసిన పరీక్షను అంగీకరించునో కనుగొనుట మంచిది.

అపోహ: “విదేశీభాషను పరీక్షించి కొలుచుట ఈ క్రెడిట్ల కాలమున పుట్టిన వింత.”

తెలుగే విదేశీభాషగా పరీక్షకు నిలిచిన రోజులున్నవి. కంపెనీ కొలువునకు వచ్చిన దొరలకు దేశభాషలు నేర్పి పరీక్షించుటకై 1812లో మదరాసున ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాలను నెలకొల్పిరి. పరీక్షలో ముందంజ వేసినవారికి భత్యము పెరుగుచుండెను, అనగా క్రెడిటునకు బదులు రొక్కము. 1817లో మదరాసు చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను అచ్చట తెలుగు నేర్చి, 1820లో చదువు ముగించి కడపలో కొలువున చేరెను. పిమ్మట మన మచిలీపట్నమునను పనిచేసెను. నేటి మాటలో చెప్పవలెనన్న, మూడేండ్లలో ఆయనకు గ్రేడు వచ్చినది. అప్పటికి ఆయన వేమనను ఎరుగడు. ఫ్రెంచి మతబోధకుడైన అబ్బే దుబాయి రచనవలన ఆ పేరు తెలిసి, పద్యముల వ్రాతప్రతులకై వెదకుట ఆరంభించినది 1824 ప్రాంతమున. వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చొత్తించినది 1829లో. నిఘంటువు వెలువడినది 1852 నాటికి. కంపెనీ పరీక్షాధికారులు ఇచ్చిన ఉత్తీర్ణత సరియైనదే. కచ్చేరిలో ఫిర్యాదులు వినుటకు అది చాలును. సాహిత్యమునకు అది చాలదని బ్రౌను తానే తెలిసికొని, మిగిలిన మూడు దశాబ్దములు ఏ పరీక్షయు లేకుండనే చదివెను.

1958లో హైదరాబాదున ఆంగ్లభాషకై స్థాపితమై, 1972లో ఇతర విదేశీభాషలను చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయము మన నడుమనే యున్నది గనుక, నేర్పువారు లేరనియు పరీక్షింప నెరిగినవారు లేరనియు కృష్ణాతీరపు విద్యాలయములు చెప్పుటకు వీలు లేదు. అందుచేత ఆ విద్యాలయముల పాలకవర్గములకు ఒక మనవి. గ్రేడుపట్టికలో భాషాపాఠ్యమున కెదురుగా క్రెడిట్లను, గ్రేడును ముద్రించుచున్న వరుసలోనే, విద్యార్థి ఆ పాఠ్యముతో చేరిన స్థాయిని కూడ ముద్రింపుడు. ఎ1లో సగము వరకే అయినచో సగమనియే వ్రాయుడు. వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట అను నాలుగింటికి నాలుగు అంకెలను విడివిడిగా ఇండు. వచ్చు సెమిస్టరునకు పేరు వ్రాయించుకొనబోవు విద్యార్థులారా, ఈ పాఠ్యము ముగియునప్పటికి నేనేమి మాటలాడగలనని తరగతికి ముందే మీ అధ్యాపకుని అడుగుడు. జవాబును కాగితముపై వ్రాసి ఇమ్మనుడు.